కొండమీది ఛాయాచిత్రము

ఈ సంవత్సరము మన పత్రికకై విద్యార్థినీ విద్యార్థులు తెచ్చి యిచ్చిన ఛాయాచిత్రములలో కొండచిత్రములే హెచ్చు. గడచిన ఫిబ్రవరిలో జరిగిన కొండవీటి యాత్రలో తీసినవి కొన్ని. సెలవుదినములలో ఉండవల్లి కొండచెంతను, మంగళగిరి మెట్లదారిని తీసినవి కొన్ని. వానిని ఏరి యిచ్చు పని మా పాలబడినది. రెండు సాయంకాలములు కూర్చుండి చూచితిమి. చూచుచున్నకొలది మాకొక సందేహము పొడమినది: వీనిలో కొండ యేది?

ముఖము లున్నవి. రెండు వ్రేళ్లు చాచిన చేతు లున్నవి. నల్లకండ్లద్దములు పెట్టుకొన్నవారు, చేతులు కట్టుకొని దూరమునకు చూచుచున్నట్లు నటించువారు, ఒకరి భుజముపై నొకరు ఒఱగినవారు, అందఱు నున్నారు. వెనుక తెల్లబోయిన ఆకాశము తప్ప మఱేమియు లేదు. ఆ పిల్లలను తాడేపల్లిలో మేడమీద నిలువబెట్టి తీసినను ఆ చిత్రములు అట్లే యుండును. పిల్లల ముఖములు మాకు ప్రియమైనవే. ప్రతిదినము తరగతిలో చూచుచునే యున్నాము. కొండవఱకు పోయినది వానికొఱకు కాదు.

ఒక్క చిత్రము మాత్రము మమ్ము నిలిపివేసినది. తొమ్మిదవ తరగతి బాలుడొకడు నిట్టనిలువైన బండను బల్లివలె పట్టుకొని ప్రాకుచున్నాడు. కాలికి ఆధారము లేదు, నడుమునకు త్రాడు లేదు. ముఖచిత్రముగా దీనినే వేయుదమని తీర్మానించుకొని, తేనీరు త్రాగుచు డ్రాయింగు మాస్టారికి చూపితిమి. ఆయన ఒక్క క్షణము చూచి నవ్విరి. బాలుని మెడలో స్కౌటు ఈలత్రాడు కలదు. అది క్రిందికి, పాదములవైపునకు వ్రేలాడవలసినది. అట్లు కాక, చాచిన వ్రేలువలె నేరుగా బండవైపునకు నిలిచియున్నది. చిత్రమును ప్రక్కకు త్రిప్పి చూచితిమి. వాడు చదునైన రాతిపై బోరగిల మోచేతులమీద లేచియున్నాడు! పిలిచి యడుగగా, సిగ్గుపడుచు, "అందరూ ఇలాగే తీస్తారండీ మాస్టారూ" అని చెప్పెను. మేము వానిని మందలింపలేదు. వాడు పలికినది నిజము. అట్టి చిత్రములకే లోకము చప్పట్లు కొట్టుచున్నది. అయినను, దీనినిగూర్చి పత్రికాముఖమున నాలుగు మాటలు చెప్పుట మంచిదని తోచినది.

వాని పక్షమున మొదట ఒక మాట చెప్పవలెను. కొండను ఛాయాచిత్రమున బంధించుట తేలిక గాదు. కొండవీటి కాలిబాటను ఎక్కినవారికి తెలియును: పిక్కలు పట్టును, ఊపిరి అందదు, అరగంటకే నీటిసీసా ఖాళీ యగును. అదే వాలును క్రింద నిలిచి పైకి చూచుచు తీసిన చిత్రమును ఇంటికి తీసికొనిపోయిన, అమ్మ చూచి "ఇంతేనా?" అనును. తప్పు ఆమెది కాదు. దిగువనుండి ఎదురుగా తీసినప్పుడు వాలు తన నిడివిని, నిటారుతనమును రెంటిని కోల్పోయి, పొలముగట్టువలె కనబడును. అప్పుడు పుట్టును దుర్బుద్ధి: కెమెరాను కొంచెము వంచిన, వాలు నిలువగును. వంచినవాడు అబద్ధము చెప్పుచున్నానని అనుకొనడు. తాను పడిన శ్రమకు న్యాయము చేయుచున్నా ననుకొనును.

న్యాయము చేయుటకు వేఱొక మార్గము కలదు. దారిని విడిచి ప్రక్కకు, వాలునకు అడ్డముగా పోయి నిలువవలెను. చట్రములో ఎక్కడనో ఒక నిలువు వస్తువు పడునట్లు చూచుకొనవలెను: దిగువను తాటిచెట్టు, దీపస్తంభము, లేనిచో దారిలో నిటారుగా నిలిచిన మనిషి. తాపీపనివాడు గోడ నిలువు చూచుకొనుటకు దారమునకు గుండు కట్టి వ్రేలాడదీయును గదా. చిత్రములో ఆ తాటిచెట్టు చేయు పని అదియే. అది నిలువుగా నున్నంతసేపు వాలు ఎంతయో అంతే కనబడును. వంచి తీసినచో చెట్టే సాక్ష్యము పలుకును, ఈలత్రాడు పలికినట్లు.

ఇక మా మనస్సునకు నొప్పి కలిగించిన విషయమునకు వచ్చెదము. కొండవీడు పదునాలుగవ శతాబ్దమున రెడ్డిరాజుల రాజధానియై, 1515 లో శ్రీకృష్ణదేవరాయలకు స్వాధీనమైన దుర్గము. ఇప్పుడు ఘాటురోడ్డు పడి వాహనములు పైకి పోవుచున్నను, మేము పిల్లలను పాతదారిని నడిపించితిమి. పదునొకండు గంటల వేళకు పైనున్న చెరువు చెంతకు చేరితిమి. అందఱును కలిసి ఒక చిత్రము తీయించుకొనవలెనని ముచ్చటపడిరి. పదవ తరగతి బాలిక యొకతె ఫోను పట్టుకొని యెదుట నిలిచినది. మేము ముప్పదినలుగురము, చట్రములో ఇమడలేదు. "ఇంకొంచెం వెనక్కి వెళ్ళమ్మా" అని కేక వేసినది మఱెవరో కాదు, మేమే. ఆమె ఫోనులోని బొమ్మనే చూచుచు రెండడుగులు వెనుకకు వేసినది. మూడవ అడుగు కోటగోడ శిథిలముమీద పడినది. ఒక రాయి కదలి క్రిందికి దొర్లెను. అది పొదలలో ఎక్కడనో ఆగిన చప్పుడు వినబడులోగా, ప్రక్కనున్న డ్రిల్లు మాస్టారు ఆమె మోచేయి పట్టి లాగిరి. మోకాలు గీచుకొనినది, అంతకుమించి యేమియు కాలేదు. దేవుని దయ. కాని ఆ రాయి దొర్లిన చప్పుడు మా చెవులను ఇంకను విడువలేదు.

ఈ సంగతి ఊరిలో తెలిసినది, తెలియవలసినదే. తలిదండ్రులు కొందఱు జాబులు వ్రాసిరి. వచ్చు ఏటినుండి కొండయాత్రలో ఫోనులు, కెమెరాలు పూర్తిగా నిషేధింపవలెనని వారి కోరిక. వారి భయము అకారణమైనది కాదు. తన చిత్రమును తాను తీసికొనుచు మరణించినవారిని వార్తాపత్రికలనుండి లెక్కించి 2018 లో ప్రకటించిన ఒక పరిశోధనలో, 2011 నుండి 2017 వఱకు లోకమంతట 259 మరణములు తేలినవి. వానిలో అధికభాగము మన దేశమువే. ఒక తండ్రి మిరపకోతలు విడిచి స్వయముగా వచ్చి, మా యెదుట నిలిచి, "ఫొటో లేకపోతే కొండ ఎక్కినట్టు కాదా మాస్టారూ?" అని యడిగిరి. ఆనాడు మేము తలవంచుకొంటిమి. బదులు ఇప్పుడు చెప్పుచున్నాము.

ఫొటో లేకున్నను ఎక్కినట్లే. 1953 మే 29 వ తేదీన టెన్సింగు నార్కే, ఎడ్మండు హిల్లరీ యెవరెస్టు శిఖరమును చేరిరి. అచ్చట వారు నిలిచినది పావుగంట మాత్రమే. మంచుగొడ్డలికి జెండాలు కట్టి పైకెత్తిన టెన్సింగు చిత్రమును హిల్లరీ తీసెను. లోకమంతయు ఆ చిత్రము నెఱుగును. శిఖరముపై హిల్లరీ చిత్రము మాత్రము లేదు. టెన్సింగునకు కెమెరా వాడుక లేదనియు, దానిని నేర్పుటకు శిఖరము తగినచోటు కాదనియు హిల్లరీ తరువాత వ్రాసికొనెను. అందుచేత హిల్లరీ ఎక్కలేదని యెవరైన నందురా? ఆయన తన ముఖమునకు బదులు నాలుగు వైపుల దిగిపోవు కొండవెన్నులను చిత్రించి తెచ్చెను. ఆ దృశ్యము శిఖరమున నిలిచినవానికి తప్ప కనబడదు, అదియే ఋజువు.

దీనికి ప్రక్కన 2016 నాటి సంగతి నుంచుడు. పూణె నగరపు పోలీసుశాఖలోని దంపతులు యెవరెస్టు నెక్కితిమని చెప్పి, శిఖరమున తీసిన తమ చిత్రములను చూపిరి. వేఱొక ఆరోహకుని చిత్రములనే మార్చి తమవిగా చూపినట్లు తేలినది. నేపాళ ప్రభుత్వము వారిని పది సంవత్సరములు తన పర్వతములనుండి బహిష్కరించెను. వారియొద్ద ముఖములతో గూడిన చిత్రములున్నవి, ఎక్కుట లేదు. హిల్లరీకి ఎక్కుట యున్నది, చిత్రము లేదు. మన తొమ్మిదవ తరగతి బాలుడు ఇంకను చిన్నవాడు. ఈ రెండు దారులలో ఏది యెన్నుకొనునో అది వానికి ఇప్పుడు నేర్పవలసియున్నది.

ఆ తండ్రి మాట నొప్పుకొన్నట్లే గదా, మఱి నిషేధించిన నేమి యని యడుగవచ్చును. మా సహోపాధ్యాయులలోనే కొందఱు ఆ యభిప్రాయము వారు. నిషేధింపరాదని మా తలంపు. ఆ దినమున తప్పు ఫోనుది కాదు. నిలుకడలేని చోట నున్న బాలికకు వెనుకకు పొమ్మని చెప్పినది మేము. ఫోనును పెట్టెలో దాచి తాళము వేసినచో మా తప్పునకు కూడ తాళము పడును గాని, పిల్లలు నేర్చునది యేమియు నుండదు. ఈ పాఠశాల విడిచిన మఱుసటి సంవత్సరమే వారు తమ స్నేహితులతో మరల కొండ లెక్కుదురు. అప్పుడు మోచేయి పట్టి లాగుటకు డ్రిల్లు మాస్టారు ఉండరు. అదియుగాక, నిజమైన చిత్రమువలన కలుగు మేలు చిన్నది కాదు. 2019 మే 22 వ తేదీన యెవరెస్టు శిఖరము క్రింద మనుష్యులు చీమలబారువలె ఒకరివెనుక నొకరు నిలిచియుండగా, నేపాళీయుడైన నిర్మల్ పూర్జా తీసిన చిత్రము ఎన్ని వ్యాసములు వ్రాసినను తెలియపఱుపలేని సంగతిని ఒక్క చూపులో లోకమునకు తెలిపెను. ఆ చిత్రములో ఎవరి ముఖమును కనబడదు.

కాబట్టి నేర్పవలెను. ఎచ్చట? హిల్లరీ మాటయే మా మాట: శిఖరముపై కాదు. మన ఆటస్థలమున. క్రీడల దినమున కబడ్డీ, ఖోఖో, పరుగుపందెములు జరుగునప్పుడు కెమెరా పట్టించవలెను. పరుగెత్తువాడు సెకనునకు అయిదు మీటర్లు పోవునని యనుకొందము. కెమెరా కన్ను సెకనులో 60 వ వంతు తెఱచియున్నచో అంతలో వాడు ఎనిమిది సెంటీమీటర్లు కదలును. చిత్రమున కాళ్లు పొగవలె చెదరును. 500 వ వంతు మాత్రమే తెఱచినచో ఒక్క సెంటీమీటరు. అప్పుడు కాలివ్రేళ్లు కూడ లెక్కింపవచ్చును. కొండదారిని దిగుచు గెంతు పిల్లవానికిని ఇదే లెక్క. గణితము మాస్టారు ఈ లెక్కను తరగతిలో చేయించినచో సంతోషింతుము. మఱియొకటి: ఆటగాడు వచ్చుచోటును ముందుగా ఊహించి అచ్చట దృష్టి నిలిపి కాచుకొనుట. వెంటబడి పరుగెత్తువానికి మంచి చిత్రము దొరకదు. ముందుపోయి కూర్చుండినవానికి దొరకును. కూర్చుండుట యను మాట నొత్తి చెప్పుచున్నాము. కొండమీద మేము పెట్టదలచిన కట్టుబాటు ఇంతే: కెమెరా చేతబట్టినవాడు ముందుగా నేలపై కూర్చుండవలెను, లేదా వీపును బండ కానించవలెను. కన్ను కెమెరాలో నున్నంతసేపు కాలు కదలరాదు. జాగా చాలనిచో కదలవలసినవారు ఎదుటనున్న ముప్పదినలుగురే గాని, తీయు నొక్కరు కాదు. వెనుకకు పొమ్మని యెవరును, ఉపాధ్యాయు లైనను, కేక వేయరాదు.

వెలుతురు సంగతి. మన ప్రాంతమున పదిగంటలు దాటిన పిమ్మట తీసిన కొండచిత్రము చప్పగా నుండును. ఎండ నెత్తిమీదికి వచ్చుకొలది రాళ్ల నీడలు వాని క్రిందనే ముడుచుకొనును. బండకు, పగులునకు భేదము తెలియదు. ఉదయము ఏడింటికి అదే బండను చూడుడు: ప్రతి మొటిమయు, ప్రతి గీతయు నీడతో లేచి నిలుచును. ఉండవల్లిలో ఒకే కొండను తొలిచి నాలుగంతస్తులుగా మలచిన గుహాలయమును చూచినవారు మనలో ననేకులు. కాని తెల్లవాఱిన వేళ ఆ స్తంభముల నీడలు చూచినవారు ఎందఱు? ఇంటికి రెండుమైళ్ల దూరమున నున్నదానిని మధ్యాహ్నము భోజనముచేసి పోయి చూచుట మన యలవాటు.

ఒక మాట చెప్పక విడువలేము. అమెరికాలో యోసెమిటీ లోయయందు హాఫ్ డోము అను మహాశిల కలదు. 1927 ఏప్రిలు 10 వ తేదీన, ఇరువదియైదేండ్ల యాన్సెల్ ఆడమ్స్ దానిని చిత్రించుటకై బరువైన కెమెరాను, పండ్రెండు గాజుపలకలను వీపున మోసికొని మంచులో పైకి ఎక్కెను. దారిలో కొన్ని వ్యర్థమైనవి. శిల కెదురుగా నిలుచునప్పటికి మిగిలినవి రెండే పలకలు. పసుపుపచ్చని అద్దము అడ్డుపెట్టి ఒకటి తీసెను. తీసిన తరువాత, తన మనస్సునకు తోచిన గాంభీర్యము దానిలో రాదని తలంచి, ముదురు ఎఱ్ఱని అద్దము పెట్టి కడపటి పలకపై మఱల తీసెను. ఎఱ్ఱద్దము నీలాకాశమును దాదాపు నలుపుగా మార్చును. ఆ నలుపుమీద శిల వెలిగినది. ఆయన ఖ్యాతి కా చిత్రమే మొదలు. మన పిల్లలు కొండవీటిలో ఒక్క ఉదయమున తలకు రెండేసి వందలు తీసిరి. పలకలు రెండే మిగిలియున్నవని భావించి తీసినచో ఎట్లుండునో చూడవలెనని మా కోరిక. వచ్చు యాత్రలో పదిమందికి ఒక కెమెరా, ఒక్కొక్కరికి పండ్రెండు చిత్రములు అను నియమము పెట్టదలచితిమి. ఎఱ్ఱద్దము పెట్టుట అబద్ధము కాదా యని డ్రాయింగు మాస్టారు మమ్ము అడిగిరి. మంచి ప్రశ్నయే. ఆకాశపు రంగును మార్చినను కొండ వాలును మార్చలేదు గదా యని చెప్పితిమి. ఆయనకు పూర్తిగా తృప్తి కలిగినట్లు లేదు, మాకును కలుగలేదు.

తెలుగు పిల్లలకు కొండలపై ఆశ పుట్టించిన చిత్రములును కలవు. 2006 లో ఏడు ఖండముల శిఖరములను 172 దినములలో నెక్కిన మల్లి మస్తాన్‌బాబు నెల్లూరు మండలపువాడు. 2015 లో ఆండీసు పర్వతములలో మరణించెను. 2014 మే 25 వ తేదీన, పదునాలుగేండ్లు నిండకమునుపే యెవరెస్టు నెక్కిన మాలావత్ పూర్ణ నిజామాబాదు ప్రాంతపు బాలిక, సాంఘికసంక్షేమ గురుకుల పాఠశాల విద్యార్థిని. శిఖరముపై ఆమె చిత్రము ఇంటింటికి పోయినది. ఆమె, ఆమె సహచరుడు ఆనందకుమారుడు తొలుత అభ్యాసము చేసినది భువనగిరి కోట యున్న ఏకశిలపై. మంచు లేదు, హిమాలయము లేదు. మన కొండలవంటి బండయే, మన యెండవంటి యెండయే. మన బాలికలకు శిఖరచిత్రము ఆశ్చర్యము కలిగించును. కాని త్రాడు పట్టుకొని ఒక నల్లబండపై మొదటి అడుగు వేయుచున్న చిత్రము, "ఇది నేనును చేయగలను" అనిపించును. మా పత్రికలో అట్టివానికి చోటు ఎక్కువ యుండవలెనని మా వాదము.

ఎక్కువారే గాక, కొండనుండి కనబడునదియు నున్నది. ఫిబ్రవరిలో కొండవీటిపైనుండి చూచిన, చేలనడుమ మిరప ఆరబోసిన కళ్లములు ఎఱ్ఱగుడ్డలు పఱచినట్లుండును; వాని ప్రక్కనే పత్తిచేల చివరితీత తెల్లగా నుండును. ఆ కళ్లములలో వంగి కాయలను తిరుగవేయుచున్నవారు మన విద్యార్థుల తలిదండ్రులే. రెండువందల చిత్రములు తీసినవారిలో వెనుకకు తిరిగి క్రిందికి చూచినవారు ముగ్గురు.

ఈ సంవత్సరపు ముఖచిత్రమును ఎట్టకేలకు ఎన్నుకొంటిమి. దానిని తీసినది, కాలుజారిన ఆ బాలికయే. ఆ తరువాత ఆమె చాలసేపు ఎవరితోను మాటలాడలేదు. దిగునప్పుడు మలుపుచెంత ఒక రాతిపై కూర్చుండి, వీపును గోడ కానించి, ప్రక్కనుండి ఒక్కటే తీసినది. దిగుచున్న ఆఱుగురు పిల్లలు అందులో నున్నారు. ఒకని చేయి ముందువాని సంచిని పట్టుకొనియున్నది. ఎవరి ముఖమును కనబడదు. అందఱును తమ కాళ్లవైపే చూచుకొనుచున్నారు. పై మలుపున డ్రిల్లు మాస్టారు చేతులు నడుమున నుంచుకొని నిటారుగా నిలిచియున్నారు. ఆయన నిలువువలన ఆ దారి యెంత వాలైనదో తెలియుచున్నది.

అచ్చునకు పంపుటకు ముందు దానిని కార్యాలయపు గోడకు అంటించితిమి. ఫీజు కట్టుటకు వచ్చిన ఒక తల్లి చాలసేపు చూచి, "మూడోవాడు మా వాడేనా అండీ?" అని యడిగినది. మాకును తెలియదంటిమి. ఆమె ఇంకను దగ్గఱకు వచ్చి, వాని చెప్పులకు తానే కట్టిన నల్లదారము చూచి గుర్తుపట్టినది.